కోర్సు అయిపోయింది సరే, పని వచ్చిందా? శిక్షణ ఫలితాన్ని తేల్చుకునే పద్ధతి

విశాఖలో ద్వారకానగర్ నుంచి గాజువాక దాకా ఏ మెయిన్ రోడ్డు మీద వెళ్లినా ఏదో ఒక కోర్సు బోర్డు కనిపిస్తుంది. ట్యాలీ, స్పోకెన్ ఇంగ్లిష్, వెల్డింగ్, కుట్టుపని, బ్యుటీషియన్. వీటిలో చేరేవాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు వైపు నుంచి వచ్చి, రూమ్ తీసుకుని, ఇంట్లోవాళ్లు పంపిన డబ్బుతో ఫీజు కట్టే పిల్లలు చాలామంది ఉంటారు. మూడు నెలల పాటు వాళ్ల కాలం, వాళ్ల ఇంటి డబ్బు కోర్సు నడిపే మన చేతిలో ఉంటాయి. అందుకని ఏ కోర్సు నడిపేవాళ్లయినా బ్యాచ్ బ్యాచ్‌కీ వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ కోర్సు దేనికోసం పెట్టామో అది జరిగిందా?

అడిగితే సాధారణంగా మూడు జవాబులు వస్తాయి. ఇంతమంది చేరారు, ఇంతమంది పాసయ్యారు, ఫీడ్‌బ్యాక్ బాగుంది. మూడూ తెలుసుకోవాల్సినవే, కానీ ఒక్కటీ ఆ ప్రశ్నకు జవాబు కాదు. చేరడం ప్రచారాన్ని బట్టి ఉంటుంది. పాసవడం పేపర్ ఎంత తేలికో దాన్ని బట్టి ఉంటుంది. ఫీడ్‌బ్యాక్ సారు మీద ఉన్న అభిమానాన్ని బట్టి ఉంటుంది.

చిన్న ఇన్‌స్టిట్యూట్ నడిపేవాళ్లు, స్వచ్ఛంద సంస్థల్లో ట్రైనింగ్ చూసేవాళ్లు, కాలేజీ లెక్చరర్లు ఎవరైనా ఆచరించగలిగేలా ఇది రాస్తున్నాను. ఉదాహరణగా మూడు నెలల అకౌంట్స్ కోర్సును తీసుకుందాం. అక్కడక్కడా వెల్డింగ్ కూడా వస్తుంది. బ్యూటీ పార్లర్ కోర్సుకైనా నర్సింగ్ అసిస్టెంట్ కోర్సుకైనా పద్ధతి ఇదే.

మొదటి మెట్టు: లక్ష్యాన్ని కొలవగలిగేలా రాయడం

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. ఇది సరిగా లేకపోతే తర్వాత చేసే పనంతా వృథా.

‘ట్యాలీ, జీఎస్టీపై పూర్తి అవగాహన కల్పించడం’ అని బ్రోషర్‌లో రాస్తాం. అవగాహన కలిగిందో లేదో ఎలా చూస్తాం? చూడలేం. అమెరికాకు చెందిన రాబర్ట్ మేగర్ 1962లో దీనికి సులువైన దారి చూపించాడు. ప్రతి లక్ష్యంలో మూడు విషయాలు ఉండాలన్నాడు: నేర్చుకున్నవాడు ఏ పని చేయగలగాలి, ఏ పరిస్థితుల్లో చేయాలి, ఎంత బాగా చేస్తే చాలు. ఆ లెక్కన మన లక్ష్యాన్ని తిరగరాస్తే ఇలా ఉంటుంది:

‘పూర్ణా మార్కెట్‌లో ఉండే ఒక హోల్‌సేల్ షాపు వారం రోజుల బిల్లుల కట్ట ఇస్తే, పక్కన ఎవరూ లేకుండా, మూడు గంటల్లో ట్యాలీలో ఎక్కించాలి. ఇక్కడి పార్టీలకు వేసిన బిల్లులకు, రాష్ట్రం లోపలి అమ్మకం కాబట్టి, సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ రెండూ పడాలి. ఒడిశాలోని జయపురం పార్టీకి పంపిన సరుకుకు, వేరే రాష్ట్రం కాబట్టి, ఐజీఎస్టీ ఒక్కటే పడాలి. వెనక్కి వచ్చిన సరుకుకు క్రెడిట్ నోట్ వేయాలి. చివర్లో బ్యాంకు స్టేట్‌మెంట్‌తో పైసాతో సహా కలవాలి.’

ఇలా రాసుకున్నాక ఏం చెప్పాలో, ఎలా పరీక్షించాలో వెతుక్కోనక్కర్లేదు. బిల్లుల కట్ట చేతిలో పెట్టి గడియారం చూస్తే చాలు.

మూడు నెలల కోర్సుకు ఇలాంటివి నాలుగో ఐదో ఉంటే సరిపోతాయి. ఇరవై రాస్తే ఒక్కటీ కొలవలేం. అమెరికన్ విద్యా మనస్తత్వవేత్త బెంజమిన్ బ్లూమ్ బృందం 1956లో ఇచ్చిన వర్గీకరణను 2001లో సవరించారు. అందులో నేర్చుకోవడానికి ఆరు మెట్లు ఉన్నాయి: గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, పనిలో వాడటం, విశ్లేషించడం, మంచిచెడ్డలు తేల్చడం, కొత్తది తయారుచేయడం. మీ లక్ష్యం ఏ మెట్టు మీద ఉందో పక్కన రాసుకోండి. పని నేర్పే కోర్సుల లక్ష్యాలన్నీ దాదాపుగా మూడో మెట్టు మీదో ఆపైనో ఉంటాయి. పరీక్షలు మాత్రం మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంటాయి. కోర్సులు దెబ్బతినేది చాలాసార్లు ఈ తేడా దగ్గరే.

లక్ష్యాలు ఆఫీసులో కూర్చుని ఊహించుకునేవి కావు. ఇద్దరు ముగ్గురు షాపు ఓనర్లను, ఒక సీఏ ఆఫీసులో సీనియర్‌ని కలవండి. వెల్డింగ్ అయితే ఆటోనగర్ ఫ్యాబ్రికేషన్ షెడ్లలో సూపర్‌వైజర్లను కలవండి. ‘మా పిల్లలకు ఏం నేర్పమంటారు?’ అని అడిగితే ‘అన్నీ నేర్పండి సార్’ అంటారు. ‘కిందటిసారి మీ దగ్గర చేరిన కుర్రాడికి పని ఎక్కడ ఆగిపోయింది?’ అని అడిగి చూడండి. అప్పుడు అసలు సంగతులు బయటికొస్తాయి. కొనుగోలు బిల్లులు జీఎస్టీఆర్-2బీతో (అమ్మినవాళ్లు వేసిన రిటర్నుల నుంచి జీఎస్టీ పోర్టల్ ఇచ్చే పట్టికతో) కలపడం రాలేదనో, తప్పు ఎంట్రీ పడితే ఎక్కడ వెతకాలో తెలియలేదనో చెబుతారు. అవే మీ లక్ష్యాలు.

పాతబడిన లక్ష్యాలను కూడా ఈ దశలోనే ఏరేయాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీలో 12, 28 శాతం శ్లాబులు దాదాపుగా పోయి, 5, 18 ప్రధాన శ్లాబులుగా మిగిలాయి. పాత మెటీరియల్‌లోని లెక్కలతోనే పరీక్ష పెడితే, నూటికి నూరు తెచ్చుకున్న పిల్లవాడు కూడా షాపులో మొదటి రోజే తడబడతాడు.

రెండో మెట్టు: లక్ష్యం, క్లాసు, ప్రశ్న మూడూ ఒకే కాగితం మీద

ఒక తెల్లకాగితం తీసుకుని ఎడమవైపు లక్ష్యాలు, మధ్యలో వాటికి ఎన్ని గంటల క్లాసు, ఎన్ని గంటల ప్రాక్టీసు, కుడివైపు పరీక్షలో వాటి మీద వచ్చే ప్రశ్నలు రాయండి. కిందటి బ్యాచ్ పేపర్‌తో మొదలుపెట్టండి. ‘ఐజీఎస్టీ అనగానేమి?’ అనే రెండు మార్కుల ప్రశ్నను ఎక్కడ రాస్తారు? జయపురం బిల్లు లక్ష్యం పక్కన పెట్టాలనిపిస్తుంది కానీ అది దాన్ని కొలవదు. నిర్వచనం బట్టీపట్టినవాడు దానికి జవాబు రాసేస్తాడు, ఎదురుగా బిల్లు పెడితే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ రెండూ వేసేస్తాడు.

కాగితం నింపాక కొన్ని గళ్లు ఖాళీగా మిగులుతాయి. బ్యాంకు లెక్క కలపడం (రీకన్సిలేషన్) లక్ష్యంలో ఉంటుంది, దాని మీద ఒక్క ప్రశ్న కూడా ఉండదు. అటు ఏ లక్ష్యానికీ చెందని ‘ట్యాలీ చరిత్ర’ మీద ఐదు మార్కులు ఉంటాయి.

ఇంజినీరింగ్ కాలేజీల్లో పనిచేసేవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. 2014లో నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్ ద్వారా భారతదేశం, ఇంజినీరింగ్ డిగ్రీలను దేశాల మధ్య పరస్పరం గుర్తించే ఒప్పందమైన వాషింగ్టన్ అకార్డ్‌లో పూర్తి సభ్యత్వం పొందింది. అక్రెడిటేషన్ కోసం కోర్సు ఔట్‌కమ్‌లు, ప్రోగ్రామ్ ఔట్‌కమ్‌ల (ఒక సబ్జెక్టు, మొత్తం డిగ్రీ పూర్తయ్యేసరికి విద్యార్థికి ఏం రావాలో చెప్పేవి) పట్టికలు నింపడం మన కాలేజీల్లో మామూలు పనైపోయింది. పద్ధతి మంచిదే. అయితే ఆ పట్టిక సెమిస్టర్ మొదలవకముందే తయారై పాఠం చెప్పే మనిషి టేబుల్ మీద ఉండాలి. ఇన్‌స్పెక్షన్ టీమ్ వస్తోందని ముందురోజు రాత్రి నింపిన అంకెల వల్ల పిల్లలకు ఒరిగేదేమీ లేదు.

మూడో మెట్టు: మొదటి రోజే ఒక పరీక్ష

చివర్లో బ్యాచ్ సగటు 70 వచ్చింది. మంచిదేనా? వచ్చినప్పుడే 60 ఉంటే మనం ఇచ్చింది తక్కువ, 20తో వస్తే ఎక్కువ. మొదటి రోజు కొలవకపోతే ఈ తేడా ఎప్పటికీ తెలియదు. బీకాం చదివినవాళ్లు ఎక్కువగా చేరిన బ్యాచ్‌లో వచ్చే మార్కుల్లో కొంత భాగం వాళ్ల కాలేజీది.

దీనికి రిచర్డ్ హేక్ అనే అమెరికన్ భౌతికశాస్త్ర అధ్యాపకుడు వాడిన సూత్రం చాలా ఉపయోగపడుతుంది. చివరి మార్కుల్లోంచి మొదటి మార్కులు తీసేయాలి. దాన్ని, మొదటి రోజు ఇంకా నేర్చుకోవాల్సి ఉన్న మార్కులతో (100లోంచి మొదటి మార్కులు తీస్తే వచ్చేది) భాగించాలి. ఉదయం బ్యాచ్ 30 నుంచి 65కి వచ్చిందనుకోండి. 35ని 70తో భాగిస్తే 0.5. సాయంత్రం బ్యాచ్ 60 నుంచి 80కి వచ్చింది. 20ని 40తో భాగిస్తే ఇదీ 0.5. పైకి ఉదయం బ్యాచ్ ఎక్కువ నేర్చుకున్నట్టు కనిపించినా, నేర్చుకోవాల్సిన దాంట్లో రెండూ సగం దూరమే వచ్చాయి. హేక్ 1998లో ఆరు వేలమందికి పైగా విద్యార్థుల ఫలితాలు ఇలా లెక్కగట్టాడు. లెక్చర్ వినిపించి వదిలేసిన కోర్సుల్లో సగటు 0.23 వచ్చింది. విద్యార్థుల చేత చేయించి, చర్చించి నేర్పిన కోర్సుల్లో 0.48 వచ్చింది. మీ కోర్సు 0.2 దగ్గర ఉంటే సిలబస్ కంటే ముందు చెప్పే పద్ధతిని చూడండి.

రెండు జాగ్రత్తలు అవసరం. మొదటి పేపరే చివర్లో ఇస్తే జ్ఞాపకం మీద రాసేస్తారు. కష్టం అంతే ఉంచి బిల్లులు, అంకెలు, పార్టీ పేర్లు మార్చండి. రెండోది పిల్లల భయం. చేరిన రోజే పరీక్ష అంటే టెన్షన్ పడతారు, కొందరు మర్నాడు రారు. ‘దీనికి మార్కులు ఇవ్వం, ఎవరికీ చూపించం, మీకు ఎక్కడి నుంచి చెప్పాలో మాకు తెలియడానికే’ అని ముందే చెప్పండి. తెలియనివి ఖాళీగా వదిలేయమనండి.

నాలుగో మెట్టు: ఫీడ్‌బ్యాక్ ముందుగా తీసుకోవడం

సర్టిఫికెట్ చేతికి రాకముందు, సారు ఎదురుగా నిలబడి ఉండగా, పేరు రాసిచ్చే ఫారంలో ఎవరు మాత్రం ‘బాగోలేదు’ అని టిక్ పెడతారు? దాన్ని మూడో వారంలోనే, పేరు లేకుండా తీసుకోండి. దొరికిన లోపాన్ని ఆ బ్యాచ్‌లోనే సరిదిద్దుకునే వీలుంటుంది.

అడిగే తీరు కూడా మారాలి. ‘కోర్సు ఎలా ఉంది?’ అన్న దానికి ‘చాలా బాగుంది’ అనే వస్తుంది. ‘ఈ రెండు వారాల్లో ఏ క్లాసు తర్వాత అర్థం కావడం తగ్గింది?’, ‘సిస్టమ్ ముందు ఒక్కరే కూర్చున్న సమయం రోజుకి ఎంత?’ అని అడగండి. రెండో ప్రశ్నకు ‘ముగ్గురికి ఒక సిస్టమ్, నా వంతు పది నిమిషాలు’ అనే జవాబు వస్తే, మీ మొదటి లక్ష్యం ఎందుకు నెరవేరదో అప్పుడే తెలిసిపోతుంది.

ఫీడ్‌బ్యాక్‌ను నేర్చుకున్నదానికి కొలతగా మాత్రం తీసుకోకండి. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం క్లాసులపై జరిగిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది. తామే సమస్యలు చేస్తూ నేర్చుకున్న విద్యార్థులకు పరీక్షలో ఎక్కువ మార్కులు వచ్చాయి. కానీ తక్కువ నేర్చుకున్నామని వాళ్లకు అనిపించింది. ధారాళంగా సాగే లెక్చర్ విన్నవాళ్లకు ఎక్కువ వచ్చినట్టు అనిపించింది, వచ్చింది తక్కువ. కష్టపెట్టి చేయించే ఫ్యాకల్టీకి ఫీడ్‌బ్యాక్ తగ్గిందని వెంటనే తీసేసే యాజమాన్యాలు దీన్ని ఆలోచించాలి. మంచి టీచర్‌ని పోగొట్టుకునే దారి అదే.

ఐదో మెట్టు: చేయించి చూసే చివరి పరీక్ష

లక్ష్యంలో రాసుకున్న పనినే పరీక్షగా పెట్టండి. మార్కులు ఎలా వేయాలో పట్టీ ముందే తయారుచేసుకోండి. వెల్డింగ్‌కి ‘పని బాగుంది – 10 మార్కులు’ అని రాస్తే ఎవరిష్టం వాళ్లది అవుతుంది. జాయింట్ పక్కన గాడి పడిందా, బీడ్‌లో (వెల్డింగ్ గీతలో) గాలి రంధ్రాలున్నాయా, స్లాగ్ (పైన గట్టిపడే మడ్డి) లోపల చిక్కుకుందా, వంచి చూస్తే పగులు వచ్చిందా, హెల్మెట్, గ్లవ్స్ లేకుండా ఆర్క్ కొట్టాడా అని విడివిడిగా రాయండి. హెల్మెట్, గ్లవ్స్ వేసుకోనివాళ్లను మిగతా మార్కులు చూడకుండానే ఫెయిల్ చేయాలన్నది నా గట్టి అభిప్రాయం.

పాఠం చెప్పినవాళ్లే మార్కులు వేయకూడదు. బయటి నుంచి ఒకరిని పిలవండి. కంచరపాలెం ఐటీఐ లాంటి చోట పనిచేసి రిటైరైన ఇన్‌స్ట్రక్టర్లు, సీఏ ఆఫీసుల్లో సీనియర్లు సరిపోతారు. కనీసం ఐదారుగురి పనికి ఇద్దరు విడివిడిగా మార్కులు వేసి పోల్చుకోవాలి. ఒకరు 8, మరొకరు 4 వేశారంటే పిల్లవాడి తప్పేమీ లేదు, పట్టీలో స్పష్టత లేదని అర్థం.

రాతపరీక్ష కూడా ఉంటే ప్రశ్నలనూ పరీక్షించాలి. 30 మంది రాశారనుకుందాం. మొత్తం మార్కుల వరుసలో పైనున్న 8 మందిని, కిందున్న 8 మందిని తీసుకోండి. ఒక ప్రశ్నకు పైవాళ్లలో 6, కిందివాళ్లలో 2 సరిగ్గా రాస్తే తేడా 4. దాన్ని 8తో భాగిస్తే 0.5. వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ ఆ ప్రశ్న చక్కగా విడదీస్తోంది. సున్నా దగ్గరికి వస్తే ఆ ప్రశ్న మనకేమీ చెప్పడం లేదు. మైనస్ వచ్చిందంటే కిందివాళ్లే ఎక్కువమంది సరిగ్గా రాశారని. అప్పుడు ముందుగా జవాబుల కీ చూడండి, అందులోనే తప్పుండవచ్చు. లేదా ప్రశ్నకు రెండు అర్థాలు వచ్చి, బాగా ఆలోచించేవాళ్లు దారి తప్పి ఉండవచ్చు.

ఆరో మెట్టు: మధ్యలో మానేసినవాళ్లు

30 మంది చేరారు. 18 మంది పరీక్ష రాశారు. 16 మంది పాసయ్యారు. పాంప్లెట్‌లో ‘89 శాతం ఉత్తీర్ణత’ అని వేస్తాం. చేరినవాళ్లతో లెక్కవేస్తే 53 శాతం. ఫీజు 30 మందీ కట్టారు కాబట్టి నిజమైన అంకె రెండోదే.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుందంటారు. బ్యాచ్‌కి అది వర్తించదు. టాపర్‌ని చూపించి కోర్సు బాగుందనుకుంటే, ఆగిపోయిన 12 మంది సంగతి తెలియకుండానే ఉండిపోతుంది. వాళ్లకు ఫోన్ చేయండి. మొదట ఇలాగే ఉంటుంది:

‘ఏమ్మా, క్లాసుకి రావడం ఆపేశావు?’

‘ఏం లేదు సార్, ఇంట్లో కొంచెం పని పడింది.’

ఇది మర్యాదకు చెప్పే మాట. ఫోన్ పెట్టేయకుండా ‘ఆఖరుసారి వచ్చిన రోజు ఏం చెప్పారో గుర్తుందా?’ అని అడగండి. ‘ఆ రోజు బ్యాంకు రీకన్సిలేషన్ సార్, అందరికీ వచ్చింది, నాకు రాలేదు, అడిగితే నవ్వుతారని…’ అంటూ అసలు మాట మెల్లగా వస్తుంది. నలుగురైదుగురు అదే క్లాసు దగ్గర ఆగితే సరిచేయాల్సింది ఆ క్లాసునే.

కొన్నిసార్లు బోధనతో సంబంధం లేని కారణాలూ తేలతాయి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు చేపల వేట నిషేధం. జాలరిపేట కుర్రాళ్లు ఖాళీగా ఉంటారు కదా అని మే నెలలో మూడు నెలల కోర్సు మొదలుపెడితే, జూన్ 15 తర్వాత హాజరు పడిపోతుంది. బోట్లు కదిలాక వాళ్లు ఇంటి సంపాదన చూసుకోవాలి. అదే కోర్సును రెండు నెలలకు కుదించి ఏప్రిల్ 15న మొదలుపెడితే చివరిదాకా వచ్చేవాళ్లు పెరుగుతారు. అలాగే భీమిలి, పెందుర్తి వైపు అమ్మాయిలు సాయంత్రం బ్యాచ్ మానేస్తుంటే ఇంటికి వెళ్లే బస్సు టైములు చూడండి.

ఏడో మెట్టు: మూడు నెలల తర్వాత

అమెరికన్ ప్రొఫెసర్ డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో శిక్షణను నాలుగు స్థాయుల్లో చూడమన్నాడు: నేర్చుకునేవాళ్లకు నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో వాడుతున్నారా, దానివల్ల ఫలితం వచ్చిందా. ఇప్పటిదాకా చూసింది మొదటి రెండే. మూడోది తెలియాలంటే కోర్సు అయిన మూడు నెలలకు ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి పిల్లలనూ, వాళ్లకు పని ఇచ్చినవాళ్లనూ పలకరించాలి.

‘మా కుర్రాడు ఎలా చేస్తున్నాడు?’ అంటే ‘పర్వాలేదు’ అంటారు. ‘జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను) ఒక్కడే తయారుచేస్తున్నాడా, పక్కన ఎవరైనా కూర్చోవాల్సి వస్తోందా?’, ‘ఏ పని ఇంకా ఇవ్వడానికి భయపడుతున్నారు?’ అని అడగండి. నెలనెలా రిటర్నులు వేసేవాళ్లకు జీఎస్టీఆర్-1 గడువు 11వ తేదీ, పన్ను కట్టే రిటర్ను జీఎస్టీఆర్-3బీ గడువు 20వ తేదీ. ఆ రోజుల్లో ఫోన్ చేస్తే ఎవరూ తీరిగ్గా మాట్లాడరు. 22 తర్వాత చేయండి.

ప్లేస్‌మెంట్ అంకెలో దేన్ని లెక్కిస్తున్నారో ముందే తేల్చుకోండి. ఆఫర్ వచ్చినవాళ్లు, చేరినవాళ్లు, మూడు నెలల తర్వాత కూడా ఉన్నవాళ్లు, నేర్చుకున్న పనిలోనే ఉన్నవాళ్లు అని నాలుగు వేర్వేరు అంకెలుంటాయి. అకౌంట్స్ నేర్చుకున్న అమ్మాయి షోరూమ్‌లో సేల్స్‌కి చేరితే ఆమెకు జీతం వచ్చింది, సంతోషం. మన కోర్సు లక్ష్యం మాత్రం నెరవేరినట్టు కాదు. ఆ ఉద్యోగం కోర్సు లేకపోయినా వచ్చేదేమో కూడా చూడాలి. సీటు దొరక్క తర్వాతి బ్యాచ్ కోసం ఆగిన పిల్లల్లో ఈలోపు ఎంతమందికి పని దొరికిందో తెలుసుకుంటే పోల్చుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది. పదీ ఇరవై మందితో గట్టి నిర్ణయాలకు రాలేం కాబట్టి రెండు మూడు బ్యాచ్‌ల లెక్కలు కలిపి చూడండి.

ఎనిమిదో మెట్టు: ఒక పేజీ రిపోర్టు, ఒకటి రెండు మార్పులు

పెద్ద రిపోర్టు ఎవరూ చదవరు. ఒక్కో లక్ష్యానికి ఒక వరుస పెట్టి మొదటి రోజు సగటు, చివరి సగటు, చేరినవాళ్లలో ఎంతమంది ఆ పని సొంతంగా చేయగలిగారు, మూడు నెలల తర్వాత ఎంతమంది దాన్ని వాడుతున్నారు అన్న అంకెలు వేయండి.

ఆ పేజీని చదివే తీరు ముఖ్యం. ఒక్క లక్ష్యం దగ్గరే మార్కులు పడితే ఆ భాగానికి ప్రాక్టీసు గంటలు పెంచాలి. అన్నిచోట్లా పడితే చేర్చుకునేటప్పుడు చూసే అర్హతనో, కంప్యూటర్ల సంఖ్యనో పట్టించుకోవాలి. పరీక్షలో బాగా చేసి పనిలో వాడలేకపోతున్నారంటే మన పరీక్షకూ అక్కడి పనికీ పొంతన లేదు, మళ్లీ షాపు ఓనర్ల దగ్గరికి వెళ్లాలి. అన్నీ వచ్చినా పని దొరకలేదంటే ఆ పనికి ఇక్కడ గిరాకీ తగ్గిందేమో కనుక్కోవాలి. అలాంటప్పుడు ఫ్యాకల్టీని నిలదీయడం అన్యాయం.

ఈ పేజీని యాజమాన్యం కంటే ముందు ఫ్యాకల్టీకి చూపించండి. జీతానికి, ఇంక్రిమెంట్‌కి దీన్ని ముడిపెడితే వచ్చే బ్యాచ్ నుంచి అంకెలన్నీ అందంగా వస్తాయి, నమ్మడానికి ఒక్కటీ మిగలదు. మార్పులు కూడా ఒకేసారి పది చేయకండి, ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది. బ్యాచ్‌కి ఒకటి, మహా అయితే రెండు.

మొదటి రోజు పేపర్లు, మార్కుల పట్టీలు, మానేసినవాళ్లతో మాట్లాడిన నోట్సు ఒక ఫైల్‌లో పెట్టి కనీసం నాలుగు బ్యాచ్‌ల వరకు దాచండి. ఫోన్ నంబర్లు, ఇంటి విషయాలు ఉన్న కాగితాలు వేరే ఉంచి, పిల్లల అనుమతి లేకుండా ఎవరికీ ఇవ్వకండి. కొత్త బ్యాచ్ అడ్మిషన్లు మొదలుపెట్టే ముందు ఆ ఫైల్ తీసి, ఫ్యాకల్టీ అందరితో కూర్చుని ఒక గంట చదవండి. బ్రోషర్ ప్రింటింగ్‌కి ఇవ్వడం ఆ తర్వాతే.